ఆధార్ ఉంటే చాలదా? సునౌలి గేటు వెనుక వందేళ్ల కథ

మా పెద్దమ్మది తెనాలి. రెండేళ్ల కిందట వీధిలో వాళ్లతో కలిసి నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకు వెళ్లింది. విజయవాడలో రప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగారు. అక్కడి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో వెళ్తే నేపాల్ సరిహద్దులో సునౌలి. వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఎవరూ ఏమీ అడగలేదట. రిక్షాలు, సైకిళ్లు, సంచులు మోసుకెళ్లే జనం అటూ ఇటూ నడుస్తుంటే వీళ్లూ ఆ గుంపులోనే దాటేశారు. తిరిగొచ్చేటప్పుడు ఒక జవాను ఆపాడు. పెద్దమ్మ చేతిసంచి అడుగున ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. అతను పుట్టిన సంవత్సరం చూసి తల అడ్డంగా ఊపాడు. ఆవిడకు అప్పుడు యాభై ఎనిమిది. ఓటరు కార్డేమో తెనాలిలో, బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

మా అన్నయ్య బీరువా తాళం వెతికి, కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేసరికి ముప్పావు గంట పట్టింది. ఆ సేపంతా ఆవిడ రోడ్డు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. బస్సు వెళ్లిపోతుందేమోనని టెన్షన్. ఫొటో చూశాక వెళ్లమన్నారు. ఇంటికొచ్చి ప్రసాదం పంచుతూ నన్నడిగింది: "మన దేశంలోకి మనం రావడానికి కూడా కార్డు చూపించాలేమిట్రా?"

పెద్దమ్మ అడిగిందాంట్లో తప్పేమీ లేదు. యాత్రల సీజన్ వస్తే బెజవాడ, గుంటూరుల్లో టూర్ వేసేవాళ్ల ఫోన్లకు వచ్చే సందేహం కూడా ఇదే. పాస్‌పోర్ట్ గడువు అయిపోయింది, ఆధార్ సరిపోతుందా అని. సరిపోదని చెప్పేస్తే పని అయిపోతుంది గానీ, ఎందుకు సరిపోదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన కోస్తావాళ్లు కాకినాడలోనో విశాఖలోనో ఓడెక్కి 'రంగం' వెళ్లేవారు. రంగూన్‌ని మనవాళ్లు పిలుచుకున్న పేరది. పాస్‌పోర్ట్ అడిగేవాళ్లు లేరు. బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. ఇంటికి రావడమంటే టికెట్ డబ్బులు కూడబెట్టుకోవడమే తప్ప, నేను ఫలానా అని రుజువు చేసుకోవడం కాదు.

1914లో ఇది మారింది. యుద్ధం మొదలైన కొద్ది వారాలకే బ్రిటిష్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. బయటి నుంచి వచ్చేవాళ్లను, సొంత దేశానికి తిరిగొచ్చే భారతీయులను సైతం, ఎక్కడికి వెళ్లాలో ఎక్కడ ఉండాలో శాసించే అధికారం దానితో వచ్చింది. కెనడా తిప్పి పంపిన భారతీయులతో కామగాటమారు ఓడ ఆ సెప్టెంబర్‌లో కలకత్తా దగ్గర బజ్‌బజ్ చేరింది. దిగినవాళ్లను నేరుగా ప్రత్యేక రైల్లో పంజాబ్ పంపేయాలని చూశారు. వాళ్లు ఒప్పుకోలేదు. సెప్టెంబర్ 29న జరిగిన కాల్పుల్లో దాదాపు ఇరవై మంది చనిపోయారు. వాళ్లు చేరుకున్నది సొంత దేశపు నేల. ఇంటికి వచ్చేవాణ్ని కూడా అనుమానించవచ్చన్న ఆలోచన మన చట్టాల్లోకి అలా చొరబడింది. యుద్ధం అయిపోయినా ఆ ఆలోచన పోలేదు. 1920లో పాస్‌పోర్ట్ ప్రవేశ చట్టంగా స్థిరపడింది. ఆ చట్టం స్వాతంత్ర్యం తర్వాత కూడా కొనసాగి, 2025 సెప్టెంబర్ 1న కొత్త వలస, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చేదాకా ఉంది. అంటే నూట అయిదేళ్లు.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. ఒకే దేశంలో ఊరు మారినవాళ్లు ఒక్క పూటలో పరదేశం వాళ్లయిపోయారు. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడినప్పుడు లక్షల మంది భారతీయులు కాలినడకన బయల్దేరారు. కొందరు అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపు, కొందరు తమూ కొండలెక్కి ఇంఫాల్ వైపు. వాళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. వేల మంది ఆ అడవుల్లోనే ఉండిపోయారు. చేతిలో కాగితం ఉందా లేదా అని చూసే తీరిక అప్పుడు ఎవరికీ లేకపోయింది. మన కుటుంబాల్లో రంగం కథలు చెప్పే ముసలివాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. వాళ్లున్నప్పుడు రాసి పెట్టుకోకపోవడం మనం చేసుకున్న నష్టం. 1962 తర్వాత బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి, దుకాణాలు జాతీయం చేశాక ఇంకో విడత తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంప్ పేరు ఆ కాందిశీకుల నుంచి వచ్చిందే.

పెద్దమ్మ ప్రశ్నకు అసలు జవాబు మాత్రం దేశ విభజన రోజుల్లో దొరుకుతుంది. 1948 జులైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్లకు పర్మిట్ పద్ధతి పెట్టారు, మరుసటి ఏడాది దాన్ని చట్టం చేశారు. పెళ్లికో, చావుకో, చుట్టాలను చూడటానికో అటు వెళ్లినవాళ్లు తిరిగి సొంత ఊరు రావాలంటే పర్మిట్ కావాలి. లేకుండా వస్తే జైలు సరే, దేశం నుంచే పంపించేసే అధికారం ఆ చట్టంలోని సెక్షన్ 7 ప్రభుత్వానికి ఇచ్చింది. ఇబ్రహీం వజీర్ మావత్ అనే ఆయన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1954లో న్యాయమూర్తుల్లో ఎక్కువ మంది తేల్చి చెప్పారు: పర్మిట్ లేదన్న కారణంతో భారత పౌరుణ్ని భారతదేశం నుంచి వెళ్లగొట్టడం కుదరదు, దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం అతనికి ఇచ్చింది, కాబట్టి పౌరుల విషయంలో సెక్షన్ 7 చెల్లదు.

ఈ తీర్పు గురించి మన స్కూలు పుస్తకాల్లో ఒక్క పేరా ఉన్నా బాగుండేది. కాగితం లేకపోవడం తప్పు కావచ్చు, దానికి జరిమానానో శిక్షో ఉండవచ్చు. అంతమాత్రాన మనిషి పౌరుడు కాకుండా పోడు. పాస్‌పోర్ట్ గడువు తీరుతుంది గానీ పౌరసత్వానికి గడువు ఉండదు.

మరి పెద్దమ్మను ఎందుకు ఆపారు? పౌరురాలు కాబట్టి రానివ్వాల్సిందే. కానీ పౌరురాలని ఆ జవానుకు ఎలా తెలియాలి? చిక్కంతా ఇక్కడే.

నేపాల్‌తో మనకు 1,751 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. 1950 జులై 31న కుదిరిన శాంతి, స్నేహ ఒప్పందంలో ఒక దేశం వాళ్లు ఇంకో దేశంలో ఉండటానికి, వ్యాపారం చేసుకోవడానికి, తిరగడానికి వీలు కల్పించారు. నేపాల్, భూటాన్ సరిహద్దుల మీదుగా వచ్చే భారత పౌరుడికి పాస్‌పోర్ట్ అక్కర్లేదన్న మినహాయింపు పాత చట్టం కింద ఉండేది, 2025లో వచ్చిన కొత్త చట్టం కింద కూడా ఉంది. 1999 డిసెంబర్ 24న ఖాట్మండులో బయల్దేరిన ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకెళ్లాక పట్టు బిగిసింది. విమాన ప్రయాణికులకు గుర్తింపు పత్రం తప్పనిసరి చేశారు. 2001లో నేపాల్ సరిహద్దు కాపలాను సశస్త్ర సీమాబల్‌కు అప్పగించారు. పాస్‌పోర్ట్ అక్కర్లేదన్నారు గానీ, పౌరసత్వం తెలిపే గుర్తింపు ఏదో ఒకటి ఉండాలన్నారు. పాస్‌పోర్ట్ గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ. ఓటు పౌరులకే ఉంటుంది కనుక ఓటరు కార్డు సరిపోతుంది.

ఆధార్ సంగతి వేరు. ఇక్కడ నివసించే ఎవరికైనా ఆధార్ ఇస్తారు, విదేశీయుడైనా సరే. ఆ నంబరు పౌరసత్వానికి రుజువు కాదని 2016 ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షన్‌లోనే రాసి ఉంది. 2019 జనవరిలో కేంద్ర హోంశాఖ కొంచెం సడలించింది. 15 ఏళ్ల లోపు పిల్లలు, 65 దాటినవాళ్లు నేపాల్, భూటాన్ ప్రయాణానికి ఆధార్ చూపించవచ్చు. మధ్య వయసు వాళ్లకు చెల్లదు. యాభై ఎనిమిదేళ్ల పెద్దమ్మ సరిగ్గా ఆ మధ్యలో పడింది. బ్యాంకులో, రేషన్ షాపులో, గుడి దర్శనం టికెట్‌కు, అన్నింటికీ ఆధారే అడిగి అడిగి, అదే సర్వస్వం అన్నట్టు జనానికి అలవాటు చేసింది మన ప్రభుత్వాలే. సరిహద్దు దగ్గర చెల్లదన్న సంగతి మాత్రం అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో పుట్టిన మనవణ్ని వెంటబెట్టుకెళ్లే తాతయ్యలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ వెసులుబాటు భారత పౌరులకే. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్న పిల్లవాడు చట్టం దృష్టిలో విదేశీయుడు. వాడి అమెరికా పాస్‌పోర్ట్ గడువులో ఉండాలి, నేపాల్ వీసా ఉండాలి, సునౌలి, రక్సౌల్ లాంటి ఇమిగ్రేషన్ చెక్‌పోస్టు ఉన్న చోటే దాటాలి.

మిగతా దేశాల నుంచి వచ్చేవాళ్లకు కష్టం ఇంకో రకం. అక్కడ పాస్‌పోర్ట్ పోవడం కన్నా, వేరేవాళ్ల చేతుల్లో ఉండటం ఎక్కువ. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మనవాళ్లు ఎంతోమంది పాస్‌పోర్టులు యజమానుల దగ్గరే ఉండిపోయాయి. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, ఎడారి గుడారాల్లో రోజులు గడిపి, అమ్మాన్‌లో విమానం ఎక్కారు. ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్ష మందికి పైగా తీసుకొచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ నుంచి మన గుంటూరు, విజయవాడ పిల్లలు మంచులో గంటల తరబడి నడిచి పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులు చేరారు. నివాస అనుమతి పొడిగింపు కోసమని ఇచ్చిన కొందరి పాస్‌పోర్టులు యూనివర్సిటీ ఆఫీసుల్లోనో ఏజెంట్ల దగ్గరో ఉండిపోయాయి. 2025లో మయన్మార్‌లోని మ్యావడీ సైబర్ మోసాల కేంద్రాల నుంచి బయటపడి, నది దాటి థాయ్‌లాండ్‌లోని మేసోట్ చేరినవాళ్లలోనూ తెలుగు కుర్రాళ్లున్నారు. ఉద్యోగమని పిలిచి మోసగాళ్లు మొదట లాక్కునేది పాస్‌పోర్టే.

ఇలాంటివాళ్లకు మన ఎంబసీ ఇచ్చేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు దాన్ని 'ఔట్‌పాస్' అంటారు. ఒక్కసారి ఇండియా రావడానికి తప్ప దేనికీ పనికిరాదు. పాత పాస్‌పోర్ట్ జిరాక్స్ ఉంటే పని త్వరగా అవుతుంది. లేకపోతే ఆ మనిషి ఎవరో ఇక్కడి నుంచి విచారించి చెప్పాలి, దానికి రోజులు పడుతుంది. అందరూ పొరబడేది ఒక దగ్గర. ఏ సరిహద్దులోనైనా దాటాల్సినవి రెండు గేట్లు. ఔట్‌పాస్ మన గేటు తెరుస్తుంది గానీ అవతలి దేశం గేటు తెరవదు. వీసా గడువు దాటి ఉంటే అక్కడ జరిమానా కట్టాలి, లేదా క్షమాభిక్ష ప్రకటించేదాకా ఆగాలి, ఒక్కోసారి డిటెన్షన్ సెంటర్లో ఉండాలి. మేసోట్ చేరినవాళ్లు థాయ్ వలస చట్టం ప్రకారం విచారణ పూర్తయ్యాకే విమానం ఎక్కారు.

ఈ బాధ తెలుసుకోవడానికి మనం దేశం దాటనక్కర్లేదు కూడా. 2020 మార్చి 25 రాత్రి జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు గుర్తుందా? లాక్‌డౌన్‌తో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పోలీస్ స్టేషన్లలో ఎన్‌ఓసీ కాగితాలు రాయించుకుని బైకుల మీద, కార్లలో వందల మంది పిల్లలు బయల్దేరారు. ఆ కాగితం ఆంధ్రా వైపు చెల్లదన్నారు. పద్నాలుగు రోజుల క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే రానిస్తామన్నారు. ఇల్లు గంట దూరంలో ఉండగా ఆడపిల్లలు హైవే మీద బ్యాగులు పక్కన పెట్టుకుని రాత్రంతా కూర్చున్నారు. గుంటూరు వైపు పొందుగుల దగ్గరా అంతే. అప్పటి భయం అర్థం చేసుకోగలిగిందే. అయినా ఒక రాష్ట్రం పోలీసులు ముద్ర వేసి ఇచ్చిన కాగితం, సరిహద్దుకు ఇవతల పనికిరాకపోవడం మన కళ్లముందు జరిగింది.

2025 సెప్టెంబర్‌లో ఖాట్మండులో యువత ఆందోళనలు, మంటలు చూసినప్పుడు నాకు గరికపాడే గుర్తొచ్చింది. ఎయిర్‌పోర్ట్ మూసేశారు. యాత్రకు వెళ్లిన తెలుగువాళ్లు రెండు వందల మందికి పైగా చిక్కుకుపోయారు. అధికారులు వెలగపూడి సచివాలయంలో కూర్చుని పేరుపేరునా ఫోన్లు చేసి, ఎవరు ఎక్కడున్నారో లిస్టు తయారు చేశారు. విశాఖకు, తిరుపతికి ప్రత్యేక విమానం వేశారు. సరిహద్దుకు దగ్గరగా ఉన్నవాళ్లను రోడ్డు మార్గంలోనే ఇటు దాటించారు. ఎవరి పేరు లిస్టులో ఉందో వాళ్ల గురించి అవతల అడిగే అధికారి ఉన్నాడు, ఇవతల జవాబు చెప్పే అధికారి ఉన్నాడు. పెద్దమ్మ ఒంటరిగా గేటు దగ్గర నిలబడినప్పుడు ఆవిడ తరఫున జవాబు చెప్పడానికి తెనాలిలో బీరువా తాళం వెతుకుతున్న కొడుకు ఒక్కడే ఉన్నాడు.

ఆ ఆధార్ నిబంధన గురించి యాత్ర నిర్వాహకుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఓటరు కార్డు ఉందా అని అడగకుండానే అడ్వాన్స్ తీసుకుంటారు. మొన్న మా వీధి నుంచి మళ్లీ ఒక బస్సు బయల్దేరింది. పెద్దమ్మ ఈసారి వెళ్లలేదు. కానీ బస్సెక్కే ముందు ఒక్కొక్కరినీ ఆపి, "ఓటరు కార్డు తీసి చూపించమ్మా" అని అడిగింది. ఇద్దరు ఆటో ఎక్కి ఇంటికెళ్లి తెచ్చుకున్నారు. బస్సు అరగంట ఆలస్యంగా కదిలింది.