పట్టేసిన నడుముకి ఒక సూది

దాళ్వా మాసూళ్ళప్పుడు కళ్ళంలో 75 కిలోల ధాన్యం బస్తా ఎత్తబోయి మా బాబాయ్ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. ట్రక్కాటోలో పడుకోబెట్టి కాలువ గట్టు మీదుగా అమలాపురం తీసుకెళ్తుంటే గుంత వచ్చినప్పుడల్లా "మెల్లిగా పోనివ్వరా" అని పళ్ళు బిగబట్టాడు. ఆస్పత్రి మంచం మీద పక్కకి తిప్పడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది.

ఇంజక్షన్ ఇచ్చెయ్యమని మేం తొందరపడుతుంటే ఎమర్జెన్సీ డాక్టరుగారు ముందు ప్రశ్నలు మొదలుపెట్టారు. మూత్రం మామూలుగా వస్తోందా? కూర్చునే చోట, తొడల మధ్య స్పర్శ తెలుస్తోందా? కాళ్ళలో బలం తగ్గిందా? జ్వరం ఉందా? అందరి ముందూ అడిగేసరికి బాబాయ్ సిగ్గుపడ్డాడు. కానీ అంతకంటే ముఖ్యమైన వైద్యం ఆ రోజు ఇంకేదీ జరగలేదని నా నమ్మకం. వెన్ను దిగువన ఉండే నరాల కట్ట నలిగితే మూత్రం ఆగిపోతుంది, కూర్చునే భాగం మొద్దుబారుతుంది. అలాంటప్పుడు వెంటనే ఎమ్మారై తీయాలి, చాలాసార్లు ఆపరేషనూ కావాలి. నొప్పి మాత్రం తగ్గించి ఇంటికి పంపేస్తే ఆ నష్టం జీవితాంతం ఉండిపోవచ్చు.

అవేవీ లేవని తేలింది. మాత్రలకీ, మామూలు ఇంజక్షన్‌కీ నొప్పి లొంగలేదు. అప్పుడు నర్వ్ బ్లాక్ అన్నారు, అంటే నొప్పి కబురు మోసే నరాల దగ్గర మందు ఎక్కించి వాటిని కాసేపు మొద్దుబార్చడం. పూర్తి పేరు ఎరెక్టర్ స్పైనీ ప్లేన్ బ్లాక్. 2016లో ఛాతీ భాగంలో వచ్చే నరాల నొప్పికి దీన్ని మొదట వివరించారు, తర్వాత నడుముకీ వాడటం మొదలైంది.

మనల్ని నిటారుగా నిలబెట్టే కండరాలు వెన్నెముకకి రెండు పక్కలా నిలువునా ఉంటాయి. వాటి అడుగున ప్రతి వెన్నుపూసకీ పక్కకి పొడుచుకొచ్చిన ఎముక కొమ్ము ఉంటుంది. అల్ట్రాసౌండ్ తెర మీద అది తెల్లటి గీతలా, దాని కింద నల్లటి నీడలా కనబడింది. సూది మొన ఆ గీతని తాకాక డాక్టరుగారు మందు నెమ్మదిగా ఎక్కించారు. కండరం ఎముక మీంచి లేచింది. మధ్యలో నల్లటి పాయ ఒకటి పైకీ కిందికీ పాకింది. బోదెలోంచి చేలోకి నీరు పారడం చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు అచ్చం అలాగే అనిపించింది.

ఇందుకు లిడోకైన్, బుపివకైన్, రోపివకైన్ లాంటి మందులు వాడతారు. నొప్పి కబురు నరం వెంట నడవాలంటే సోడియం అయాన్లు నరంలోకి చొరబడాలి. వాటికి వేరే ద్వారాలున్నాయి. మందు లోపలివైపు నుంచి ఆ ద్వారాలకి అడ్డుపడుతుంది, తూము దించేసినట్టు. నొప్పికి కండరం బిగుసుకోవడం, ఆ బిగుతుకి నొప్పి ఇంకా పెరగడం కొన్ని గంటలపాటు ఆగుతుంది.

మందు ఎక్కువై రక్తంలో చేరితే నాలుక తిమ్మిరెక్కుతుంది, చెవుల్లో హోరు పుడుతుంది, ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే మోతాదు మనిషి బరువుని బట్టి లెక్కకడతారు, ఈసీజీ మానిటర్ పెడతారు, విరుగుడుగా 20 శాతం కొవ్వు ద్రవం సీసా దగ్గరుంచుకుంటారు. నడుం నొప్పికి ఈ బ్లాక్ మీద జరిగిన పరిశోధనలు ఇంకా చిన్నవే కాబట్టి ఇది అందరికీ మొదట చేసే వైద్యం కాదు.

అరగంట తర్వాత "ఏదీ, పక్కకి తిరగండి" అన్నారు డాక్టరుగారు. "ఆయ్" అంటూ బాబాయ్ తనంతట తనే తిరిగాడు. లేచి, గోడ పట్టుకుని పది అడుగులు వేశాడు. "రేపటికి మందు దిగిపోతుంది, మళ్ళీ కొంచెం నొప్పి వస్తుంది. అయినా మంచం పట్టకండి, ఇంట్లో తిరుగుతూనే ఉండండి. బస్తాల జోలికి మాత్రం వెళ్ళొద్దు" అని చెప్పారు. ఇలా హఠాత్తుగా పట్టేసిన నడుం చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పడుకునే ఉంటే ఆలస్యమవుతుంది. సూది నడుముని బాగుచెయ్యదు, ఆ మొదటి అడుగులు వెయ్యనిస్తుంది.

తిరుగు ప్రయాణంలో అదే గట్టు, అవే గుంతలు. బాబాయ్ కూర్చునే వచ్చాడు.