టర్కిష్ వ్యాకరణం: తెలుగువాళ్ళలో ఉన్న అపోహలు, వాస్తవాలు

టర్కీలో చదువుకోవడానికి వెళ్ళబోయే తెలుగు విద్యార్థులకు నేను టర్కిష్ చెబుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ రెండో నెల వచ్చేసరికి ఒకరిద్దరు "వాక్యమంతా తలకిందులుగా ఉంది, ఇది నా వల్ల కాదు" అని కన్నీళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళ నోట్‌బుక్కులు తెరిస్తే ప్రతి టర్కిష్ వాక్యం పక్కనా ఇంగ్లీషు అర్థమే కనిపిస్తుంది. తెలుగు ఒక్క ముక్క కూడా ఉండదు.

అపోహ: టర్కిష్‌ను ఇంగ్లీషు మీదుగానే నేర్చుకోవాలి.

వాస్తవం: విద్యార్థుల కాలాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తినేస్తున్నది ఈ నమ్మకమే. టర్కిష్ వాక్యం తలకిందులుగా కనిపించేది ఇంగ్లీషు పక్కన పెట్టి చూసినప్పుడే. కర్త, కర్మ, క్రియ అన్న మన వరుసే దానిదీ. విభక్తి నామం వెనకే వస్తుంది కనుక "ఎవ్‌దె" అంటే ఇంట్లో, "ఎవ్‌దెన్" అంటే ఇంటి నుంచి. "గెలిప్" మన "వచ్చి". "వర్", "యోక్" మన "ఉంది", "లేదు". అనడం అనే అర్థమున్న "దెమెక్" నుంచి పుట్టిన "దియె" చాలావరకు మన "అని" చేసే పనులే చేస్తుంది. "వాన పడుతుందని గొడుగు తెచ్చాను" అన్న వాక్యంలో "అని" ఉన్న చోటే టర్కిష్‌లో "దియె" కూర్చుంటుంది.

అందరూ భయపడే "వెర్దియిమ్ కితాప్" కూడా ఇంతే. దీన్ని ఇంగ్లీషులోకి మార్చాలంటే పుస్తకాన్ని ముందుకు లాగి, "విచ్" చేర్చి, క్రియను వెనక్కి నెట్టాలి. తెలుగులో అది "నేను ఇచ్చిన పుస్తకం", అంతే. అయితే ఇక్కడ తెలుగు కూడా ఒక చోట దారి తప్పిస్తుంది. నేను ఇచ్చిన పుస్తకం, పుస్తకం ఇచ్చిన మనిషి అని రెండు చోట్లా మనం "ఇచ్చిన" అనే అంటాం. టర్కిష్‌లో మొదటిది "వెర్దియిమ్", రెండోది "వెరెన్". మొదటిదానిలో కర్తను విడిగా చెప్పాలనుకుంటే "నేను" అనే "బెన్" కాకుండా "నా" అనే "బెనిమ్" వాడాలి. ఈ తేడా మీద ఒక వారం కూర్చోండి. ఆ శ్రమ వృథా పోదు.

అపోహ: క్రియకు "మిష్" చేరిస్తే ఎవరో చెప్పగా విన్నామని అర్థం.

వాస్తవం: ఇది సగమే నిజం. "గెల్మిష్" అంటే "వచ్చాడట" అని నేనూ మొదట్లో చదువుకున్నాను. అంకారాలో ఒక చలికాలపు ఉదయం మా ఇంటి యజమానురాలు పరదా తొలగించి, తెల్లబడిన వీధిని చూస్తూ "కర్ యామిష్" అంది. మంచు కురిసిందట అని ఈమెకు ఎవరు చెప్పారా అని ఆలోచిస్తూ నిలబడిపోయాను. ఎవరూ చెప్పలేదు, కురుస్తుండగా ఆమె చూడలేదు, ఆనవాలు మాత్రమే చూసింది. మన "ట", మన "కురిసినట్టుంది", రెండూ ఆ ఒక్క ప్రత్యయంలోనే ఉన్నాయి.

అపోహ: ఉర్దూ వస్తే టర్కిష్ వచ్చినట్టే.

వాస్తవం: హైదరాబాదులో ఈ మాట వినీ వినీ విసుగెత్తింది. కితాప్, ఇన్సాన్ లాంటి మాటలు కొన్ని కలుస్తాయి, వ్యాకరణం కలవదు. ఉర్దూలో ప్రతి నామానికీ లింగముంటే, టర్కిష్‌లో అతను, ఆమె, అది మూడింటికీ "ఒ" ఒక్కటే. 1928లో అరబ్బీ లిపి పోయి రోమన్ లిపి వచ్చింది. 1932లో టర్కిష్ భాషా సంస్థ ఏర్పడ్డాక అరబ్బీ, ఫారసీ మాటలు చాలావరకు తొలగిపోయి, బడికి "మెక్తెప్" పోయి "ఒకుల్" వచ్చింది. తెలుగుతో చుట్టరికముందన్న ప్రచారానికీ రుజువు లేదు. ఉన్నది నిర్మాణంలో పోలిక మాత్రమే.

అపోహ: అచ్చుల పొత్తు (మాటలోని అచ్చును బట్టి ప్రత్యయంలో అచ్చు మారడం) కోసం పట్టికలు బట్టీ పట్టాలి.

వాస్తవం: అవసరం లేదు. పులికి, గురువుకు అని "కి", "కు"లను ఆలోచించకుండా మార్చే నోటికి "ఎవ్‌లెర్" (ఇళ్ళు), "అత్‌లర్" (గుర్రాలు) కష్టం కావు.

అపోహ: టర్కిష్‌లో మినహాయింపులే లేవు.

వాస్తవం: ఉన్నాయి, కానీ తక్కువ. తద్ధర్మకాలంలో ("వస్తాడు", "ఇస్తాడు" లాంటి రూపాల్లో) ఏకాక్షర క్రియలు 13 మాత్రమే దారి తప్పుతాయి. "గెలిర్", "బిలిర్", "వెరిర్" వాటిలోవే. ఆ పదమూడింటినీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.