డ్రమ్ కోర్ పిట్, మైకులు, సింథ్: అపోహలు - వాస్తవాలు

చలికాలం ఆడిషన్లు అయిపోగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మనవాళ్ళే ఎవరో చేస్తారు. "తమ్ముడూ, మావాడు డ్రమ్ కోర్‌కి సెలెక్ట్ అయ్యాడు గానీ పిట్‌లో వేశారంట. అంటే నడిచేవాళ్ళలోకి పనికిరాడన్నట్టా?" అని. అడిగే గొంతులో సంతోషం సగం, అవమానం సగం ఉంటాయి.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అమెరికాలో వేసవి సెలవుల్లో ఇరవై రెండేళ్ళ లోపు పిల్లలు బస్సుల్లో ఊరూరా తిరుగుతూ, స్కూలు జిమ్ముల్లో నేలమీద పడుకుంటూ, ఫుట్‌బాల్ మైదానాల్లో ప్రదర్శనలిచ్చే బృందాన్ని డ్రమ్ కోర్ అంటారు. రాసేది కార్ప్స్ అని, పలికేది కోర్ అని. బాకాలు, డ్రమ్ములు, జెండాలు, అంతే. వేణువులూ క్లారినెట్లూ ఉండవు. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది. ఇప్పుడు ఫైనల్స్ ఆగస్టులో ఇండియానాపొలిస్‌లో. నడుస్తూ వాయించే స్నేర్, టెనర్, బాస్ డ్రమ్ముల వాళ్ళని బ్యాటరీ అంటారు. మైదానం ముందు గీత (సైడ్‌లైన్) దగ్గర మారింబాలు, వైబ్రాఫోన్లు (చెక్క, లోహపు పలకల మీద పుల్లలతో కొట్టే వాద్యాలు), టింపనీలనే పెద్ద గిన్నె డ్రమ్ములు, తాళాలు, సింథసైజర్లు పెట్టుకుని కదలకుండా వాయించేవాళ్ళది పిట్.

నేను గుంటూరులో పదేళ్ళ వయసు దాకా మృదంగం నేర్చుకుని, ఇక్కడికొచ్చాక మారింబా పట్టుకున్నవాణ్ణి. మూడు వేసవులు పిట్‌లో వాయించాను, తర్వాత నుంచీ పిట్ పిల్లలకి నేర్పిస్తున్నాను. ఈ సైడ్‌లైన్ వాద్యాల మీద, కరెంటు మీద జరిగినంత గొడవ ఈ రంగంలో మరి దేనిమీదా జరగలేదు. అందులో సగం గొడవ తప్పుడు లెక్కల మీదే నడుస్తోంది.

అపోహ: నడవడం చేతకాని వాళ్ళని పిట్‌లో పడేస్తారు.

ఇది వింటే ఒళ్ళు మండుతుంది. రెండు చేతుల్లో నాలుగు మ్యాలెట్లు (తలకాయ ఉన్న పుల్లలు) పట్టుకుని, వేళ్ళ మధ్య దూరం మారుస్తూ, అయిదు ఆక్టేవుల మారింబా మీద పరుగెత్తడం ఏ ఆడిషన్‌లోనూ 'మిగిలిపోయిన' పిల్లలకి వచ్చే పని కాదు. దాన్ని ట్రక్కు నుంచి దింపేది, స్టేడియం సొరంగంలోంచి తోసుకొచ్చేది, మళ్ళీ ఎక్కించేది కూడా వాళ్ళే. ఫోన్ చేసిన వాళ్ళందరికీ ఇదే చెబుతాను: అభినందనలు, వాడికి మంచి బూట్లు కొనండి.

అపోహ: ఒకప్పుడు డ్రమ్ కోర్ స్వచ్ఛంగా ఉండేది, ఈ సైడ్‌లైన్ సరంజామా వచ్చి చెడగొట్టింది.

ఏ ఏడాది నాటి స్వచ్ఛత అని అడగాలి ముందు. 1970ల్లో టింపనీలను కూడా మెడకి కట్టుకుని నడిచేవాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కొక్క డ్రమ్ము మోస్తూ, పక్కనున్న పిడి తిప్పి శ్రుతి మార్చుకుంటూ. ఒక చిన్న బాణీ పలకాలన్నా నలుగురైదుగురు వంతులవారీగా కొట్టాలి. పిల్లల నడుములు విరిగేవి, శ్రుతి నిలిచేది కాదు. 1980ల మొదట్లో వాటిని నేలమీద పెట్టుకోవచ్చన్నారు. పిట్ పుట్టింది అలాగే. అప్పుడూ "ఇక మార్చింగ్ చచ్చింది" అని గగ్గోలు పెట్టినవాళ్ళున్నారు. అప్పట్లో వాడిన జి శ్రుతి బ్యూగిల్ బాకాకి స్వరం మార్చే మూడో వాల్వ్ వచ్చినప్పుడూ అదే ఏడుపు, 2000లో ఏ శ్రుతి బాకా అయినా వాడొచ్చన్నప్పుడూ అదే. ఎవరికి వాళ్ళు తాము ఇరవై ఏళ్ళప్పుడు విన్నదే అసలైనదనుకుంటారు. నాకూ ఆ జబ్బుంది, దాని సంగతి సింథ్ దగ్గర చెబుతా.

అపోహ: పిట్ వాళ్ళు డ్రమ్ మేజర్ చేతులు చూసి వాయిస్తారు.

డ్రమ్ మేజర్ అంటే ముందు నిలబడి చేతులతో తాళం చూపించే నాయకుడు. కొత్త పిల్లలతో మొదటి వారమంతా నేను కొట్టుకునేది దీనితోనే. బడి బ్యాండులో చేతులు చూడమనే కదా నేర్పారు. ఇక్కడ చూడకూడదు. చెవి వెనక్కి పెట్టాలి.

లెక్క చూడండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మైదానం వెడల్పు దాదాపు 49 మీటర్లు. బ్యాటరీ పిట్ వెనక 30 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. స్నేర్ దెబ్బ పిట్ దాకా రావడానికి దాదాపు 87 మిల్లీసెకన్లు. నిమిషానికి 170 దరువుల వేగంలో ఒక దరువులో నాలుగో వంతు 88 మిల్లీసెకన్లు. మన లెక్కలో చెప్పాలంటే చతురశ్ర నడకలో సరిగ్గా ఒక మాత్ర. పిట్ డ్రమ్ మేజర్ చేతిని చూసి ఠంచనుగా కొడితే, స్టాండ్స్‌లో కూర్చున్నవాడికి మారింబా ముందు, స్నేర్ ఒక మాత్ర వెనక వినిపిస్తాయి. ఆ వేగంలో అది తప్పటడుగు కాదు, పూర్తిగా పడిపోవడమే.

అందుకే డ్రమ్ మేజర్ బ్యాటరీ పాదాల్ని చూసి చెయ్యి ఆడిస్తాడు, బ్యాటరీ వాయిస్తుంది, ఆ శబ్దం ప్రయాణించి పిట్ చెవిని తాకిన క్షణంలో పిట్ వాయిస్తుంది. అక్కణ్ణుంచి రెండూ కలిసి ప్రేక్షకుల దగ్గరికి పోతాయి. కళ్ళముందు చెయ్యి ఒకటి చెబుతుంటే, చెవి మరొకటి చెబుతుంటే, కంటిని నమ్మకుండా ఉండటం ఎంత కష్టమో! బ్యాటరీ నడుస్తూ దగ్గరికొస్తే ఆ ఎడం తగ్గుతుంది, దూరం జరిగితే పెరుగుతుంది. షో మొత్తం పిట్ పిల్లలు దాన్ని సవరించుకుంటూనే ఉంటారు. మా మృదంగం మాస్టారు "పాడేవాడి నోరు చూడకురా, ఊపిరి విను" అనేవారు. ఆయన ఫుట్‌బాల్ మైదానం చూసి ఉండరు.

అపోహ: మైకులు పెట్టింది గట్టిగా వినిపించడానికి.

2004 సీజన్ నుంచి మైకులకి అనుమతి వచ్చింది. ముందు ఎలా ఉండేదో పాతవాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది. పెద్ద బాకాల దండు, వాళ్ళ ముందు కర్రముక్కల వాద్యం. వినిపించాలంటే గట్టి తలకాయల మ్యాలెట్లతో బాదాలి. బాదితే మారింబా మారింబాలా పలకదు, వంటింట్లో గరిటెలు పడ్డట్టు టకటకమంటుంది. కింది ఆక్టేవులో పలకలు వెడల్పుగా, పలచగా ఉంటాయి. గట్టి మ్యాలెట్‌తో వాటిని కొడితే నాదం రాదు, చప్పుడొస్తుంది. కాబట్టి రాసేవాళ్ళు కూడా కింది స్వరాల జోలికి పోకుండా, పైన జైలోఫోన్ వరసలు రాసేవారు. నాలుగు మ్యాలెట్ల మెత్తని వరసలు రాసినా వినేదెవరు?

మైకు వచ్చాక మొదట మారింది చెయ్యి. నూలు చుట్టిన మెత్తని మ్యాలెట్ పట్టుకోవచ్చు, మణికట్టు వదులుగా ఉంచవచ్చు, పిల్లలు కచేరీ హాల్లో వాయించినట్టే ఎండలో కూడా వాయించవచ్చు. నా మట్టుకు మైకు చేసిన మేలు అదే. గట్టితనం దానికి తోకలా వచ్చింది.

మనకి ఇది కొత్త తగాదా ఏం కాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తుంటే ముక్కు విరిచినవాళ్ళు లేరా? మామూలు మాండలిన్ మీద స్వరం చటుక్కున చచ్చిపోతుంది, గమకం సాగాలంటే నాదం నిలవాలి. కరెంటు అక్కడ నాదాన్ని నిలబెట్టింది. ఇవాళ ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె లేని సంగీతం క్లాసు ఎన్ని ఊళ్ళలో ఉంది చెప్పండి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మైకు వచ్చాక వాద్యాల పొందిక వాయించేవాళ్ళ చేతిలోంచి కొంత జారి, సౌండ్ మిక్సర్ మీద ఉన్న వేలికి పోయింది. మారింబాకి రెండేసి మైకులు, పది పన్నెండు కీబోర్డు వాద్యాలు, పైన సింథ్‌లు. ఆ వేలు పాడైతే పిల్లల ఏడాది కష్టం గాలికిపోతుంది. నేను ఆ వేలు వైపు నిలబడ్డవాణ్ణే, కాబట్టి ఈ నింద నామీద కూడా.

అపోహ: మైకులూ ఎలక్ట్రానిక్స్ రెండూ ఒకటే, రెండూ ఒకేసారి వచ్చాయి.

కాదు. మైకు ఉన్న శబ్దాన్ని పెంచుతుంది. సింథసైజర్ లేని శబ్దాన్ని పుట్టిస్తుంది. దానికి అనుమతి 2009లో వచ్చింది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి తిట్టేవాళ్ళతో వాదించడం దండగ.

నా జబ్బు ఇక్కడే బయటపడుతుంది. సబ్‌వూఫర్లలోంచి వచ్చే సింథ్ బాస్ నాకు పడదు. ఇక్కడి అభిమానులు దాన్ని 'థండరస్ గూ' అని వెక్కిరిస్తారు, ఉరిమే జిగురు అన్నట్టు. ట్యూబాలనే పెద్ద బాకాలు వాయించే కింది స్వరానికి సింథ్ తోడిస్తే బృందం రెట్టింపు అయినట్టు గుండెల్లో మోగుతుంది. రాసేవాడికి అది బెల్లం. కానీ ఆ జిగురు కింద ట్యూబాల శ్రుతి దోషాలన్నీ దాక్కుంటాయి. పైగా ఇండియానాపొలిస్‌లో లూకస్ ఆయిల్ స్టేడియం లాంటి చోట పైకప్పు మూసి ఉంటే ఆ మోత గోడలకి తగిలి తిరిగొచ్చి తర్వాతి స్వరం మీద కూర్చుంటుంది. రిహార్సల్‌కి వెళ్ళగానే నేను ముందు సబ్‌లు ఆపించేస్తాను. ట్యూబాలు ఒంటరిగా నిలబడ్డాక మళ్ళీ పెట్టుకోమంటాను. నిలబడకపోతే పిల్లల మొహాలు చూడాలి.

సింథ్‌ని ఊతకర్రలా కాకుండా వాద్యంలా వాడినప్పుడు మాత్రం నేనూ లేచి నిలబడ్డాను. 2014లో ఒహాయో రాష్ట్రం కాంటన్‌కి చెందిన బ్లూకోట్స్ 'టిల్ట్' అనే షో చేశారు. బాకాలూ సింథూ కలిసి స్వరాన్ని అలా పక్కకి వాల్చేస్తే మైదానమే ఒరిగిపోతున్నట్టు అనిపించింది. దాన్ని విన్నవాడెవడూ సింథ్ దండగ అనలేడు.

అపోహ: సింథ్ అంటే బటన్ నొక్కితే అదే వాయించుకుంటుంది.

నొక్కేది కూడా ఆడిషన్ ఇచ్చి వచ్చిన పిల్లే. ఆమె కూడా వెనక్కి చెవి పెట్టి, ఆ మాత్ర ఎడంతోనే వాయించాలి. ఒక కీ తప్పు నొక్కితే మారింబా తప్పులా అది పదిమందిలో కలిసిపోదు, ఊరంతా వింటుంది.

అపోహ: కరెంటు ఉంటే షో భద్రం.

ఒక జులై సాయంత్రం, పేరు వద్దులెండి, చిన్న ఊరి స్టేడియం. రెండో భాగం మొదలైన కాసేపటికి జనరేటర్ నుంచి వచ్చే కేబుల్‌కి ఎవరి కాలో తగిలింది. మిక్సర్ మీద దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. సింథ్ పిల్లాడు కీలు నొక్కుతూనే ఉన్నాడు, చప్పుడు లేదు. మెత్తని మ్యాలెట్లు పట్టుకున్న మారింబాలు ఎక్కడో పక్కూళ్ళో వాయిస్తున్నట్టున్నాయి. మ్యాలెట్లు మార్చుకునే వ్యవధి లేదు. మధ్య మారింబా అమ్మాయి ఒక్క క్షణం తల ఎత్తి, చేతులు అర అడుగు పైకి లేపింది. ఆమెని చూసి వరసంతా లేపింది. ఒక్క స్వరం వదల్లేదు. కింది నాలుగు వరసల వాళ్ళు విన్నారు, పైవాళ్ళకి ఏమీ అందలేదు. నేను మైదానం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ప్లగ్గు వెతుక్కుంటున్నాను. ఆ రాత్రి బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

అప్పట్నుంచి కేబుల్‌కి రెండు పొరల టేపు, వారానికొకసారి మొత్తం షో కరెంటు లేకుండా వాయించడం. పిల్లలు ఆ రోజుని 'పవర్ కట్' అంటారు. మాట నేనే నేర్పాను, గుంటూరు వాణ్ణి కదా.

అపోహ: డబ్బున్న కోర్లకే లాభం.

ఇది అపోహ అని రాశాను గానీ సగం నిజం. మంచి మైకులు, స్పీకర్లు, జనరేటరు, వాటికో ట్రక్కు, వానొస్తే కప్పడానికి టార్పాలిన్లు, చూసుకోవడానికి తెలిసిన మనిషి. చిన్న కోర్లకి ఇది మోయలేని బరువే. ఎలక్ట్రానిక్స్‌కి వ్యతిరేకంగా చెప్పే వాదనల్లో నాకు జవాబు లేనిది ఇదొక్కటే.

ఇక టికెట్టు కొనేవాళ్ళకి ఒక మాట. ముందు వరసల్లో స్పీకర్ ఎదురుగా కూర్చుంటే బాసు తప్ప ఏమీ వినపడదు, ఇంటికొచ్చి ఎలక్ట్రానిక్స్‌ని తిట్టడం ఖాయం. మిక్స్ చేసేది పైన కూర్చున్న జడ్జీల చెవికి. మైదానం మధ్యలో ఉండే 50 గజాల గీతకి ఎదురుగా, వీలైనంత పైన సీటు చూసుకోండి. మీవాడు అక్కణ్ణుంచి చీమంత కనిపిస్తాడు. బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి. తల కొంచెం పక్కకి వంచి, డ్రమ్ మేజర్ వైపు చూడకుండా వాయిస్తున్నాడంటే పరధ్యానంలో ఉన్నాడనుకుని కంగారుపడకండి. వాడు వెనక స్నేర్‌ని వింటున్నాడు.