ఈజిప్టు కనీస వేతనం: పంచాయితీ మహల్లా మిల్లు దగ్గరే ఎందుకు తెగదు?

ఈజిప్టులో కనీస వేతనం గొడవ మళ్లీ రాజుకుంది. 2025 మార్చి నుంచి ప్రైవేటు రంగంలో నెలకు 7,000 ఈజిప్టు పౌండ్లు ఇవ్వాలన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్మిక చట్టం అమల్లోకి వచ్చింది. కాగితం మీద చూస్తే రెండూ కార్మికుడికి మేలు చేసేవే. ఫ్యాక్టరీ గేటు దగ్గర మాత్రం పాత ప్రశ్నలే నడుస్తున్నాయి. ఇది మాకు వర్తిస్తుందా? వర్తిస్తే ఏయే ముక్కలు కలిపి 7,000 అంటారు?

అధ్యక్షుడు నాసర్ కాలపు పరిశ్రమల జాతీయీకరణలు, ధరల పెంపుతో రేగిన 1977 జనవరి రొట్టె అల్లర్లు, అధ్యక్షుడు ముబారక్‌ను దించిన 2011 తహ్రీర్ చౌక్ ఉద్యమం గురించి అందరూ చదివే ఉంటారు, వాటి జోలికి పోనక్కర్లేదు. నేటి తగాదా ముడి వేరేచోట పడింది. నైలు డెల్టాలోని మహల్లా అల్ కుబ్రా అనే మిల్లు ఊళ్లో, 2006 డిసెంబరుకూ 2008 ఏప్రిల్‌కూ మధ్య నడిచిన పదహారు నెలల్లో పడింది.

ఆ ఊరికి ఊపిరి మిస్ర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ. పారిశ్రామికవేత్త తలాత్ హర్బ్ స్థాపించిన బ్యాంక్ మిస్ర్ 1927లో పెట్టిన మిల్లు అది. వడకడం, నేయడం, అద్దడం, కుట్టడం అన్నీ ఒకే ప్రహరీ లోపల. 2006 నాటికి అందులో దాదాపు 24,000 మంది పనిచేసేవారు. ఆ ఏడాది మార్చి 3న ప్రధాని అహ్మద్ నజీఫ్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. ప్రభుత్వ రంగ కర్మాగారాల్లో వార్షిక బోనస్‌ను 100 పౌండ్ల నుంచి రెండు నెలల జీతానికి పెంచుతున్నామన్నది దాని సారాంశం. ఆ 100 పౌండ్లు 1984 నుంచి కదలలేదు. ఉత్తర్వు ప్రతి చేతులు మారింది, షిఫ్టు షిఫ్టుకూ చదివి వినిపించారు, ఇళ్లలో లెక్కలు వేసుకున్నారు.

డిసెంబరు జీతాల రోజు వచ్చింది. కవరులో పాత వందే ఉంది. పన్ను పోగా చేతికొచ్చింది 89 పౌండ్లు.

వేలమంది రెండు రోజులు జీతం తీసుకోకుండా వెనక్కి తిప్పారు. డిసెంబరు 7 ఉదయం కుట్టు విభాగంలోని సుమారు 3,000 మంది స్త్రీలు మెషిన్లు ఆపి, మగ్గాలు ఇంకా నడుస్తున్న షెడ్ల మీదికి నడిచారు. "మగవాళ్లేరీ? ఆడవాళ్లం ఇక్కడున్నాం" అన్నది వాళ్ల నినాదం. మగ్గాలు ఆగాయి. గేటు ముందున్న తలాత్ హర్బ్ చౌక్ నిండిపోయింది. యాజమాన్యం 21 రోజుల బోనస్ ఇస్తామంటే నవ్వి పంపారు. నాలుగో రోజు ప్రభుత్వం దిగొచ్చి 45 రోజుల బోనస్ ఇస్తామని, మిల్లును ప్రైవేటుకు అమ్మబోమని మాటిచ్చింది.

గెలుపే. కానీ ఏం గెలిచారు? మన దగ్గర మూలవేతనం, డీఏ లెక్క తెలిసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. ఈజిప్టు ప్రభుత్వ రంగ జీతంలో మూలవేతనం చిన్న ముక్క. దాని చుట్టూ రకరకాల భత్యాలు, ఉత్పత్తి ప్రోత్సాహకాలు, లాభాల వాటా, పండుగ గ్రాంట్లు. బోనస్‌లో "నెల" అంటే చేతికొచ్చే జీతం కాదు, ఆ చిన్న ముక్కే. 1984 చట్టం కనీస మూలవేతనాన్ని 35 పౌండ్లుగా నిర్ణయించింది. తర్వాత ఏటా ప్రకటించిన ప్రత్యేక భత్యాలను మెల్లగా మూలంలో కలుపుతూ వచ్చినా, 2008 నాటికి అది వంద పౌండ్లు దాటి కొంచెమే పెరిగింది. బోనస్ ఇస్తే ప్రభుత్వానికి ఒకసారి ఖర్చు. మూలవేతనం పెంచితే పింఛను, బీమా, భత్యాలు అన్నీ దాంతోపాటు పైకి లేస్తాయి. అందుకే సర్కారు ఎప్పుడు ఒత్తిడిలో పడ్డా రోజుల లెక్కన బోనస్ విదిలిస్తుంది, మూలాన్ని ముట్టుకోదు.

2007 సెప్టెంబరులో, రంజాన్ నెలలో, మిల్లు మళ్లీ ఆగింది. ఇచ్చిన మాట పూర్తిగా నిలబెట్టుకోలేదన్నది కార్మికుల ఫిర్యాదు. ఆరు రోజుల తర్వాత మళ్లీ రోజుల లెక్కనే ఒప్పందం. ఈసారి 90. రెండు సమ్మెల మధ్య జరిగిన ఒక పని పైకి కనిపించదు గానీ ముఖ్యమైంది. మిల్లులోని యూనియన్ కమిటీని తొలగించాలంటూ పన్నెండు వేలకు పైగా కార్మికులు సంతకాలు చేశారు. 1957లో ఏర్పడిన అధికారిక కార్మిక సమాఖ్య కిందిది ఆ కమిటీ. చందా జీతంలోంచి దానంతటదే కోతపడుతుంది. 2003 నాటి 12వ నంబరు చట్టం సమ్మె హక్కు ఇచ్చింది గానీ, ఆ సమాఖ్య కిందే ఉండే పై స్థాయి యూనియన్ బోర్డులో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే సమ్మె చట్టబద్ధం. ఆ బోర్డు ఒప్పుకోదు. అంటే ఆ రోజుల్లో ఫ్యాక్టరీల్లో మొదలైన సమ్మెలు దాదాపు అన్నీ పుట్టుకతోనే చట్టవిరుద్ధం.

అసలు మలుపు 2008 ఫిబ్రవరి 17. ఆ రోజు మహల్లాలో సుమారు పదివేల మంది ఊరేగారు. అడిగింది బోనస్ కాదు. దేశమంతటికీ నెలకు 1,200 పౌండ్ల కనీస వేతనం. ఒక మిల్లు తన మిల్లు కోసం కాకుండా అందరి కోసం అంకె చెప్పడం అదే మొదలు. తర్వాత వచ్చిన కోర్టు తీర్పు, మంత్రివర్గ నిర్ణయాలు, అధ్యక్షుడి ప్రకటనలు అన్నీ ఆ అంకెకు ఆలస్యంగా ఇచ్చిన జవాబులే.

ఏప్రిల్ 6న సమ్మె తలపెట్టారు. భద్రతా బలగాలు ముందే మిల్లులో దిగాయి, సమ్మె జరగలేదు. మధ్యాహ్నానికి ఊరు భగ్గుమంది. కనీసం ముగ్గురు చనిపోయారు. ఏప్రిల్ 8న నజీఫ్ స్వయంగా మహల్లా వచ్చి ప్రకటించిందేమిటంటే, ఈ మిల్లుకు 30 రోజుల బోనస్, మిగతా బట్టల మిల్లులకు 15 రోజులు. 1,200 ఊసు లేదు. దేశానికంతటికీ అడిగినదాన్ని మిల్లుల వారీగా విడగొట్టి, రోజుల్లోకి మార్చి తిప్పి ఇచ్చారు. నేటికీ ప్రభుత్వం వాడుతున్న పద్ధతి ఇదే అని చెప్పుకోవచ్చు.

రొట్టె విషయంలోనూ ఇదే కిటుకు. సబ్సిడీ రొట్టె ధర దశాబ్దాలపాటు 5 పియాస్టర్లు (పౌండుకు 100 పియాస్టర్లు). ధర ముట్టుకుంటే 1977 గుర్తొస్తుంది కాబట్టి బరువు ముట్టుకున్నారు. 2020 ఆగస్టులో 110 గ్రాముల రొట్టె 90 గ్రాములైంది. 2024 జూన్ 1న మాత్రం ధరనే 20 పియాస్టర్లు చేశారు. కార్డు మీద మనిషికి రోజుకు ఐదు రొట్టెలు. నలుగురున్న ఇంటికి నెలకు 600. అంటే 30 పౌండ్ల ఖర్చు 120 అయింది. తయారీకి 125 పియాస్టర్లు పడుతోందన్నది అప్పటి ప్రభుత్వ వాదన, అది అబద్ధం కాదు. కాకపోతే ఆ ఇంటికి వచ్చే జీతం పెంపు ఎవరికి వర్తిస్తుందో తేలకముందే రొట్టె పెంపు అందరికీ వర్తించింది.

ఇక వర్తింపు సంగతి. 2010 మార్చి 30న పరిపాలనా న్యాయస్థానం, న్యాయమైన కనీస వేతనం నిర్ణయించాల్సిందేనని ప్రభుత్వాన్ని ఆదేశించింది. కేసు వేసింది నాజీ రషాద్ అనే కార్మికుడు, నడిపింది న్యాయవాది ఖాలిద్ అలీ. 2003 చట్టం కిందే ఏర్పడాల్సిన జాతీయ వేతన మండలి అప్పుడు కళ్లు తెరిచి, అక్టోబరులో 400 పౌండ్లు అంది. 1,200 అంకె అధికారికంగా వచ్చింది 2014 జనవరిలో. అదీ ప్రభుత్వ ఉద్యోగులకే.

మహల్లా మిల్లు ప్రభుత్వానిదే కదా? అక్కడే ఉంది తిరకాసు. 1991 నాటి 203వ చట్టం ఇలాంటి కంపెనీలను "పబ్లిక్ బిజినెస్ రంగం" పేరుతో హోల్డింగ్ కంపెనీల కింద పెట్టింది. యజమాని ప్రభుత్వమే, కానీ కార్మికుడు ప్రభుత్వోద్యోగి కాడు. అలాగని ప్రైవేటు ఉద్యోగీ కాడు. ఆకుకు అందడు, పోకకు పొందడు. 2014 ఫిబ్రవరిలో మిల్లు ఆగింది, ఆ 1,200 మాకెందుకు లేదని అడుగుతూ. ఇతర రంగాల్లోనూ సమ్మెలు చెలరేగాయి. ఆ నెల 24న ప్రధాని హాజిమ్ బిబ్లావీ ప్రభుత్వం రాజీనామా చేసింది. అప్పుడు కార్మిక మంత్రి కమాల్ అబూ ఈతా. 2007లో ఆస్తిపన్ను ఉద్యోగులను కైరో వీధిలో పదకొండు రోజులు కూర్చోబెట్టి, తర్వాత 1957 నుంచి దేశంలో లేని స్వతంత్ర యూనియన్‌ను తొలిసారి కట్టిన మనిషే ఆయన.

సరిగ్గా పదేళ్లకు అదే నాటకం. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వోద్యోగుల కనీస వేతనాన్ని 4,000 నుంచి 6,000కు పెంచుతున్నట్టు ప్రకటించారు. పబ్లిక్ బిజినెస్ కంపెనీలు అందులో లేవు. 22న మహల్లాలో మళ్లీ మెషిన్లు ఆగాయి, ఈసారీ ముందు కదిలింది స్త్రీలే. కొందరిని భద్రతా విభాగం పిలిపించుకుంది. వారం తిరక్కుండా ఈ కంపెనీలకూ 6,000 వర్తింపజేస్తూ పబ్లిక్ బిజినెస్ శాఖ నిర్ణయం ప్రకటించింది. ఒక్క వాక్యంతో అయిపోయే పనికి వారం సమ్మె.

అంకె పెరిగింది కదా అంటారా? 2008లో డాలరుకు ఐదున్నర పౌండ్లు. అప్పటి 1,200 అంటే దాదాపు 218 డాలర్లు. అది 2014లో చేతికొచ్చేసరికి 170 చిల్లర. 2016 నవంబరు 3న పౌండు విలువను మార్కెట్‌కు వదిలేశారు. 2024 మార్చి 6న మళ్లీ వదిలేస్తే 31 దగ్గరున్న డాలరు 50 దాకా పోయింది. 2025 మార్చి నాటి 7,000 అంటే దాదాపు 140 డాలర్లు. 2008లో అడిగినదానిలో మూడింట రెండు వంతులు కూడా కాదు.

ప్రభుత్వం మాటా చెప్పుకోవాలి. మిల్లు ఏళ్ల తరబడి నష్టాల్లో నడిచింది, యంత్రాలు పాతబడ్డాయి, అప్పుల వడ్డీలే బడ్జెట్‌ను మింగుతున్నాయి, ఐఎంఎఫ్ షరతులు తలమీద ఉన్నాయి. మహల్లాలోనే దాదాపు 1.83 లక్షల కదుళ్లతో కొత్త స్పిన్నింగ్ మిల్లు కట్టారు. అంత పెట్టుబడి పెట్టాం, ఓపిక పట్టండి అన్నది వాళ్ల వాదన.

ఇక కొత్త చట్టం, అంటే 2025 నాటి 14వ నంబరు. ఇందులో నిజంగా మంచిది ఒకటుంది. ఉద్యోగంలో చేరేరోజే తేదీ లేని రాజీనామా, "ఫారం 6" మీద సంతకాలు పెట్టించుకోవడం అక్కడ మామూలు. ఫారం 6 అంటే సామాజిక బీమాకు పంపే ఉద్యోగ ముగింపు పత్రం. యజమానికి ఇష్టం లేనిరోజు తేదీ వేసి పంపితే సరి. ఇకపై కార్మిక శాఖ ఆమోదం లేని రాజీనామా చెల్లదు. ప్రత్యేక కార్మిక న్యాయస్థానాలకూ చట్టం చోటిచ్చింది.

సమ్మె దారి మాత్రం ఇంకా ఇరుకే. ముందు చర్చలు, మధ్యవర్తిత్వం వంటి దారులన్నీ అయిపోవాలి. తర్వాత పదిరోజుల ముందు నోటీసు, అందులో కారణం, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ. కీలక సంస్థల్లో సమ్మె అసలే కూడదు, ఏది కీలకమో ప్రధాని నిర్ణయిస్తారు. 2006లో ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు నడిచినంతసేపట్లో జరిగిన పని ఇప్పుడు ఈ మెట్లన్నీ ఎక్కాలి.

ఏటా ఇచ్చే పెంపు దగ్గర పాత మూలవేతనం కిటుకు కొత్త పేరుతో తిరిగొచ్చింది. గతంలో మూలవేతనంలో కనీసం 7 శాతం. ఇప్పుడు బీమా లెక్కలో చూపిన జీతంలో 3 శాతం. 7,000కు పూర్తిగా బీమా కడితే పెంపు 210 పౌండ్లు. అయితే ఆ 7,000 మీద బీమాకు కార్మికుడి వాటా 11 శాతం, అంటే 770, జీతంలోంచి పోతుంది. యజమాని వాటా 18.75 శాతం. అందుకే చాలా ప్రైవేటు ఫ్యాక్టరీలు బీమాకు చూపేది అసలు జీతాన్ని కాదు, చట్టం ఒప్పుకునే కనిష్ఠాన్ని. 2025లో అది 2,300 పౌండ్లు. దాని మీద 3 శాతం అంటే 69.