థర్మామీటరు చెప్పే కబురు

కుక్క ఈనబోతోందంటే మా విజయనగరం వైపు మొదట గోనె సంచి వెతుకుతారు. నెల్లిమర్లలో జూట్ మిల్లు ఉన్న జిల్లా కదా! నన్నడిగితే మొదట కొనవలసింది థర్మామీటరు.

కుక్క గర్భం సుమారు 63 రోజులు. జతకట్టిన తేదీ నుంచి లెక్కిస్తే మాత్రం వారం అటూ ఇటూ కావచ్చు. వీర్యకణాలు ఆడకుక్క ఒంట్లో కొన్ని రోజులు బతికి, అండం కోసం కాచుకుని ఉండటమే కారణం. అందుకే క్యాలెండరు కన్నా ఒంటి వేడిని నమ్మాలి. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోను ప్రసవానికి ముందు పడిపోతుంది. దానితో మామూలుగా 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉండే వేడి 99 దరిదాపులకు దిగుతుంది. చాలా కుక్కల్లో ఆపై ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయి. ఈ తగ్గుదల కొన్ని గంటలే ఉంటుంది కనుక చివరి వారం రోజుకు రెండుసార్లు, వాజిలీన్ రాసి, మలద్వారంలో చూడాలి. ఈ మర్యాదకు మొదటి రోజు గుర్రుమంటుంది, మూడో రోజుకు అలవాటు పడుతుంది.

గోనె సంచి సంగతి. దాని పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. తల్లి చాచుకుని పడుకునేంత పెట్టెలో పాత నూలు చీర పరవడం మేలు.

మన ఎండలకు భయపడి ఫ్యాను కింద పెట్టేవారున్నారు. పుట్టిన పిల్లకు వణకడం కూడా చేతకాదు. చల్లబడితే పాలు తాగదు, తాగినా అరగదు. మొదటి వారం వాటి చుట్టూ 85 నుంచి 90 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. బల్బు వేలాడదీస్తే చాలనుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానం పల్లెలు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా తుపానులోనూ పనిచేస్తుంది. వేడి ఎక్కువైతే పిల్లలు పక్కకు జరిగేందుకు చోటు వదలాలి.

పాలు బాగా పడతాయని చూడి కుక్కకు కాల్షియం మాత్రలు వేయడం మంచిది కాదు. బయటినుంచి అందుతున్నంతకాలం ఒళ్లు ఎముకల నుంచి కాల్షియం తీసుకోవడం తగ్గించుకుంటుంది. ఈనాక పాల కోసం ఒక్కసారిగా అవసరమైనప్పుడు అందక ఫిట్స్ వస్తాయి.

మొదటి పిల్ల రాకముందే పచ్చని స్రావం కనిపిస్తే మాయ విడిపోతున్నట్టు. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోయినా, లోపల ఇంకా పిల్లలుండగా ఒక పిల్ల వచ్చి రెండు గంటలు దాటినా డాక్టరు కావాలి. పశువుల అంబులెన్సు నంబరు 1962. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అర్ధరాత్రి ఎవరి ఆటో వస్తుందో మాత్రం 99 చూసిన సాయంత్రమే మాట్లాడి పెట్టుకోండి.