నలుగురూ సలామిస్ దారి పట్టారు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు వచ్చినప్పుడు మీరు అడిగిన మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. "అందరూ చేస్తుంటే మేమొక్కరమే ఎలా ఆగుతాం తాతయ్యా?" అన్నారు. నలుగురితో నారాయణ అనడం మన ఇళ్ళలో మామూలే కదా! ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఒక పాత సంగతితో చెబుతాను.

క్రీస్తుపూర్వం 404లో గ్రీసులోని ఏథెన్స్ నగరం మరో గ్రీకు రాజ్యమైన స్పార్టా చేతిలో ఓడిపోయింది. స్పార్టా అండతో ముప్పై మంది పెత్తనం చేతిలోకి తీసుకుని, గిట్టనివాళ్ళనూ డబ్బున్నవాళ్ళనూ చంపించి ఆస్తులు లాక్కున్నారు. ఒకరోజు ఏథెన్స్ తత్వవేత్త సోక్రటీసును, మరో నలుగురిని థోలోస్ అనే గుండ్రటి భవనానికి పిలిపించారు. సలామిస్ ద్వీపానికి వెళ్ళి లియోన్ అనే ఆయనను పట్టుకురమ్మన్నారు. తెస్తే చంపడానికే. తమ పాపంలో ఎంత ఎక్కువమందికి వాటా అంటగడితే అంత మంచిదని వాళ్ళ ఎత్తు.

బయటికి వచ్చాక నలుగురూ సలామిస్ దారి పట్టారు. సోక్రటీసు ఇంటికి వెళ్ళిపోయాడు. అంతే. అప్పటికి ఆయనకు సుమారు 65 ఏళ్ళు. ఆ ప్రభుత్వం త్వరలోనే కూలిపోయింది కాబట్టి బతికాడు.

ఆ తెగువ అప్పటికప్పుడు వచ్చింది కాదు. అంతకు రెండేళ్ళ ముందు, తుపానులో మునిగిపోతున్న నావికులను కాపాడలేదని సేనానులందరినీ ఒకే తీర్పుతో శిక్షించాలని ఏథెన్స్ జనం పట్టుబట్టారు. ఎవరి విచారణ వారికి విడిగా జరగాలన్నది చట్టం. సభ నడిపే బాధ్యత ఆ రోజు సోక్రటీసు ఉన్న బృందానిది. బెదిరింపులకు మిగతావాళ్ళు లొంగారు, ఆయన లొంగలేదు. అయినా ఆరుగురు సేనానులను చంపేశారు. తర్వాత ఆ జనమే పశ్చాత్తాపపడ్డారు.

సోక్రటీసు పోయిన పదిహేనేళ్ళకు పుట్టిన మరో గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఈ సంగతినే విడమరచి చెప్పాడు. ఇళ్ళు కట్టగా కట్టగా మేస్త్రీ అవుతాడు, న్యాయమైన పనులు చేయగా చేయగా మనిషి న్యాయవంతుడవుతాడు అని. గ్రీకులో అలవాటును ఎథోస్ అంటారు, శీలాన్ని ఏథోస్ అంటారు. తేడా ఒక్క దీర్ఘమే! మన లిపిలో అది ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూడండి. ఈ పోలికను అరిస్టాటిలే ఎత్తి చూపాడు. మీరు రోజూ సంగీతం సాధన చేస్తారు కాబట్టి ఇది మీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

ఒక సంగతి దాచను. లియోన్‌ను ఆ నలుగురూ తెచ్చారు, ఆయనను చంపేశారు. సోక్రటీసు ఇంటికి వెళ్ళే బదులు లియోన్‌కు ముందే కబురు పంపి ఉండవచ్చు కదా అని నాకు ఎన్నోసార్లు అనిపించింది. ఆయన మీద ఇంత గౌరవం ఉన్నా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. దసరాకు వచ్చినప్పుడు మీరేమంటారో చెప్పండి.

ప్రేమతో,
తాతయ్య