అమ్మింది మేం కాదు: ఆన్‌లైన్ అంగడి వెనక కథ

ఈసారి పార్శిల్ వచ్చినప్పుడు అట్టపెట్టె పారేసే ముందు అందులో ఉన్న బిల్లు ఒకసారి చూడండి. పైన యాప్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కింద, కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనపడనంత చిన్నగా, ‘అమ్మినవారు’ అని ఇంకెవరిదో పేరు ఉంటుంది. మనం వెతికింది యాప్‌లో, డబ్బు కట్టింది యాప్‌కి, గుమ్మం దాకా తెచ్చిన కుర్రాడి చొక్కా మీద ఉన్నదీ యాప్ బొమ్మే. మరి మధ్యలో ఈ మూడో పేరు ఎవరిది?

మా ఇంటికి ఒకసారి మిక్సీ జార్ పగిలి వచ్చింది. యాప్ వాళ్లకి ఫోన్ చేస్తే అమ్మినవారిని అడగమన్నారు. అమ్మినవారి నంబరు మోగుతూనే ఉంది గానీ ఎత్తిన నాథుడు లేడు. చివరికి వాపసు తీసుకున్నారు లెండి. ఆ నాలుగు రోజుల టెన్షన్‌లోనే ఈ మూడో పేరు సంగతేమిటో చూద్దామనిపించింది.

ఆ పేరు వెనక మన దేశపు ఆన్‌లైన్ వ్యాపార చరిత్ర చాలావరకు ఉంది. నియమం ఒక్క మాటలో చెప్పాలంటే ఇదీ: విదేశీ పెట్టుబడితో నడిచే కంపెనీ ఇంటర్నెట్‌లో అంగడి పెట్టొచ్చు. రకరకాల బ్రాండ్ల సరుకు తనే కొని, నిల్వ పెట్టి, నేరుగా మనకి అమ్మకూడదు. ఊళ్లో వారం వారం జరిగే సంత ఉంది కదా, అక్కడ తైబజారు, అంటే కూర్చున్న చోటుకి రుసుము, వసూలు చేసుకునే కాంట్రాక్టరులా ఉండాలి. గంప ముందు కూర్చుని వంకాయలు తూచే మనిషి కాకూడదు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ ఇన్నేళ్లుగా చట్టం ముందు చెబుతున్నదీ ఇదే: మేం కాంట్రాక్టరులమే, వంకాయలు మావి కావు.

దూరం నుంచి సరుకు తెప్పించుకోవడం మనకి కొత్తేం కాదు. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ వీపీపీ ఉంది. పత్రికలో ప్రకటన చూసి ఒక కార్డు ముక్క రాసి పడేస్తే పుస్తకమో, పంచాంగమో, ఆయుర్వేద లేహ్యమో పోస్టులో వచ్చేది. పోస్టుమాన్‌కి డబ్బిచ్చి కట్ట విడిపించుకోవాలి. ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీకి తాత అదే. తేడా ఏమిటంటే, వీపీపీలో అమ్మినవాడెవడో స్పష్టంగా తెలిసేది. కట్ట మీద పంపినవాడి చిరునామా ఉండేది, తిట్టాలంటే అతనికే ఉత్తరం రాసేవాళ్లు.

ఇంటర్నెట్ అంగళ్లు 1999 నుంచి మొదలయ్యాయి. ఆ ఏడాది బెంగళూరులో కె. వైతీశ్వరన్, హరి మీనన్ వగైరా మిత్రులు ఫ్యాబ్‌మార్ట్ తెరిచారు. అప్పట్లో ఇంటర్నెట్ అంటే ఫోన్ తీగకి కట్టి, కీచుమని అరిచాక దొరికే వస్తువు. ఇంటర్నెట్‌లో కార్డు నంబరు ఇవ్వడమంటే మధ్యతరగతికి గుండె గుభేలుమనేది. ఫ్యాబ్‌మార్ట్ తర్వాత ఇండియాప్లాజాగా మారి 2013లో మూతపడింది. అందులోని కొందరే 2011లో బిగ్‌బాస్కెట్ పెట్టారు. మన జనానికి ఆన్‌లైన్ చెల్లింపు భయం పోగొట్టింది నిజానికి ఏ ప్రైవేటు దుకాణమూ కాదు, రైల్వే. 2002లో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. మొదట్లో టికెట్ కొరియర్‌లో ఇంటికొచ్చేది. రిజర్వేషన్ కౌంటర్ ముందు తెల్లవారుజామున నిలబడిన వాళ్లెవరికైనా ఆ సుఖం విలువ చెప్పక్కర్లేదు.

‘అమ్మింది మేం కాదు’ అన్న మాటకి పునాది పడింది 2004 డిసెంబరులో. బాజీ.కామ్ అని వేలం సైట్ ఒకటి ఉండేది, అప్పటికే ఈబే దాన్ని కొనేసింది. దాంట్లో ఎవరో ఒక అశ్లీల వీడియోని అమ్మకానికి పెట్టారు. ఢిల్లీ పోలీసులు సైట్ అధిపతి అవనీశ్ బజాజ్‌ని అరెస్టు చేశారు. వీడియో ఆయన పెట్టలేదు, సైట్‌లో ఉండటమే నేరమైంది. పరిశ్రమంతా గగ్గోలు పెట్టింది. 2008లో ఐటీ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్ మార్కెట్లు, వేలం సైట్లు ‘మధ్యవర్తులు’ అని రాశారు. ఇతరులు పెట్టిన సరుకుకి మధ్యవర్తి బాధ్యుడు కాడు, అయితే తగిన జాగ్రత్తలు పాటించాలి. న్యాయంగా వచ్చిన రక్షణే అది. కానీ తర్వాత తర్వాత ఆ గొడుగు కిందకి చాలామంది చేరారు.

2007 అక్టోబరులో ఐఐటీ ఢిల్లీలో చదివి, అమెజాన్‌లో పనిచేసి బయటికొచ్చిన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ బెంగళూరు కోరమంగళలో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టారు. ఇంటిపేరు ఒకటే, చుట్టాలు కారు. పుస్తకాలతో మొదలు. మొట్టమొదటి కొనుగోలుదారు మన మహబూబ్‌నగర్ మనిషి. ఆయన అడిగిన ఇంగ్లీషు పుస్తకం వాళ్ల దగ్గర లేదు, మామూలుగా తెప్పించుకునే చోటా దొరకలేదు. బెంగళూరు పుస్తకాల షాపులన్నీ గాలించి ఒక కాపీ సంపాదించి పంపారు. ఈ ఉదంతాన్ని పట్టుదల కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి కనపడుతుంది. ఆ రోజు అమ్మిందెవరన్న ప్రశ్నకి తావే లేదు. కొన్నదీ వాళ్లే, పంపిందీ వాళ్లే.

2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చింది. కార్డు లేనివాళ్లు, ఉన్నా నమ్మని వాళ్లు అప్పుడే ఈ అంగట్లోకి అడుగుపెట్టారు. కంపెనీకి అది తలనొప్పే. పెట్టె తీసుకోకుండా తిప్పి పంపితే రానూపోనూ ఖర్చు నెత్తిన పడేది, డెలివరీ కుర్రాళ్ల జేబుల్లో నోట్లు లెక్కపెట్టుకోవాలి. అయినా అది లేకపోతే చిన్న ఊళ్లు వచ్చేవి కావు.

ఇక్కడే చిక్కు మొదలైంది. పెరగడానికి డబ్బు కావాలి, అంత డబ్బు విదేశాల్లోనే ఉంది. 2000లోనే కేంద్రం ఇంటర్నెట్ వ్యాపారంలో విదేశీ పెట్టుబడికి అనుమతిచ్చింది గానీ, అది టోకు వ్యాపారానికే. చిల్లర అమ్మకానికి కాదు. కాబట్టి ఫ్లిప్‌కార్ట్ టోకు కంపెనీగా ఉండి, డబ్ల్యూఎస్ రిటైల్ అనే ఇంకో సంస్థకి సరుకు అమ్మేది. అది మనకి అమ్మేది. ఆ సంస్థని పెట్టిందీ బన్సల్‌లే. ప్రశ్నలు రావడంతో 2012లో వాళ్లు అందులోంచి తప్పుకున్నారు. కానీ పద్ధతి స్థిరపడిపోయింది. బిల్లు మీద మూడో పేరు పుట్టింది అలాగే.

అసలు చిల్లర వ్యాపారం అంటే ఇంత భయం ఎందుకు? కిరాణా కొట్టు వల్ల. కోట్ల కుటుంబాలు బతికే వ్యాపారం అది, పైగా ఓట్లున్న వ్యాపారం. 2012 సెప్టెంబరులో మన్మోహన్ ప్రభుత్వం బహుళ బ్రాండ్ల చిల్లర దుకాణాల్లో 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపు తీసింది. మమతా బెనర్జీ పార్టీ ప్రభుత్వం నుంచే బయటికెళ్లిపోయింది. ఇష్టమైన రాష్ట్రాలే ఒప్పుకోవచ్చన్నారు. సరేనన్న వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంత రభస జరిగినా వాల్‌మార్ట్ ఇక్కడ మామూలు జనానికి ఒక్క దుకాణమూ తెరవలేదు. అప్పటికే 2009 నుంచి అది టోకు దుకాణాలు నడుపుతోంది. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్‌లలో అప్పట్లో ఉన్న బెస్ట్ ప్రైస్‌లు అవే. సభ్యత్వ కార్డున్న కొట్టువాళ్లు వెళ్లి బస్తాల లెక్కన తెచ్చుకునేవారు. భౌతిక దుకాణం మీదే పోరాడుతుండగా అసలు పోటీ ఫోన్లోంచి వచ్చింది.

2013 జూన్ 5న అమెజాన్ ఇక్కడ అంగడి తెరిచింది. మొదటి రోజు నుంచీ అంగడి పద్ధతే. 2014 జులైలో ఫ్లిప్‌కార్ట్ వంద కోట్ల డాలర్లు సమకూర్చుకున్నామని ప్రకటించగానే, మర్నాడే అమెజాన్ రెండు వందల కోట్ల డాలర్లు పెడుతున్నామంది. ఆ డబ్బంతా డిస్కౌంట్ల రూపంలో జనం మీద కురిసింది. అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ మొదటి ‘బిగ్ బిలియన్ డే’ పెడితే సైట్ మొరాయించింది, చూస్తుండగానే స్టాక్ అయిపోయింది, మర్నాడు వ్యవస్థాపకులు క్షమాపణ చెబుతూ మెయిల్ పంపారు. మొబైల్ షాపుల వాళ్లకి వెన్నులో వణుకు పుట్టింది ఆ దసరా రోజుల్లోనే. తాము టోకులో కొనే ధర కంటే తక్కువకి ఫోన్ జనం చేతికొస్తోంది.

అదే ఏడాది అమెజాన్, ఇన్ఫోసిస్ నారాయణమూర్తి పెట్టుబడి సంస్థ కెటమరాన్ కలిసి క్లౌడ్‌టెయిల్‌ని నిలబెట్టాయి. అమెజాన్ అంగట్లో అది పెద్ద కొట్టుగా ఎదిగింది. అంటే సంత కాంట్రాక్టరుకి సంతలోని పెద్ద కొట్టులో వాటా ఉంది. మిగతా గంపల వాళ్లకి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్రభుత్వం 2016 మార్చిలో విదేశీ పెట్టుబడి నియమాలు చెబుతూ ప్రెస్ నోట్ 3 విడుదల చేసింది. అంగడి పద్ధతిలో వంద శాతం విదేశీ పెట్టుబడి సరే, సొంత సరుకు పద్ధతిలో సున్నా. ఏ ఒక్క అమ్మకందారూ అంగడి మొత్తం అమ్మకాల్లో 25 శాతం మించకూడదు. ధరల్ని అంగడి ప్రభావితం చేయకూడదు. కాగితం మీద గట్టిగానే ఉంది. ఆచరణలో మాత్రం ఒక పెద్ద కొట్టు స్థానంలో నాలుగైదు ‘పెద్ద’ కొట్లు పుట్టుకొచ్చాయి.

2018 మే 9న వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లతో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం కొనేసింది. ఏళ్ల తరబడి ముందు గుమ్మం దగ్గర ఆపిన అతిథి పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చున్నట్టయింది. వర్తక సంఘాలు మండిపడ్డాయి. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. డిసెంబరు 26న ఆ ఏటి ప్రెస్ నోట్ 2 వచ్చింది. అంగడికి వాటా ఉన్న కంపెనీ ఆ అంగట్లో అమ్మడానికి వీల్లేదు. ఒక అమ్మకందారు తన సరుకులో 25 శాతానికి మించి ఆ అంగడి తాలూకు కంపెనీల దగ్గరే కొంటే, ఆ సరుకు అంగడిదే అని లెక్క. ‘మా దగ్గర మాత్రమే దొరుకుతుంది’ అన్న ఒప్పందాలూ కుదరవు. 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి రాగానే క్లౌడ్‌టెయిల్ సరుకులు అమెజాన్‌లో మాయమయ్యాయి. కొద్ది రోజుల్లోనే అమెజాన్ తన వాటా 49 నుంచి 24 శాతానికి తగ్గించుకోవడంతో తిరిగి కనిపించాయి. ఆ భాగస్వామ్యం పూర్తిగా ముగిసింది 2022 మేలో.

అయినా అమెజాన్ ఎక్కడికీ పోలేదు. 2019 ఆగస్టులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో తొమ్మిదిన్నర ఎకరాల్లో పదిహేను వేల మంది పనిచేసే భవనం తెరిచింది, విస్తీర్ణంలో ప్రపంచంలోని తన భవనాలన్నిటికంటే పెద్దది. వ్యాపారుల ఫిర్యాదు మీద 2020 జనవరిలో వ్యాపార పోటీలో అన్యాయాల్ని చూసే కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండిటి మీదా విచారణకి ఆదేశించింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. ఎట్టకేలకు 2024లో విచారణ విభాగం నివేదిక ఇచ్చింది: తమకి నచ్చిన కొందరు అమ్మకందారుల్ని వెతుకులాటలో పైన చూపించి మిగతావాళ్లని కిందకి తోశారని. ఆరోపణల్ని కంపెనీలు తోసిపుచ్చాయి.

చిన్న వ్యాపారి కోసం చేసినవీ కొన్ని ఉన్నాయి, మెచ్చుకోవాలి. 2021 చివర్లో ప్రభుత్వం ఓఎన్‌డీసీ పెట్టించింది, ఏ యాప్‌లోంచైనా ఏ కొట్టు సరుకైనా కొనేలా కలిపే నెట్‌వర్క్ అది. చెల్లింపుల్లో యూపీఐ ఎలాగో అమ్మకాల్లో అది అలా కావాలని ఆశ. చెల్లింపుకి రెండు ఫోన్లు చాలు. సరుకుకి గోడౌన్, బండి, వాపసు, తిట్లు తినే మనిషి కావాలి. అందుకే ఆ పోలిక నాకు మొదట్నుంచీ అంతగా నచ్చలేదు. ఇంకోటి జీఎస్టీ. కొట్లో అమ్మితే పరిమితి లోపు వ్యాపారానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే సరుకు ఆన్‌లైన్‌లో పెడితే మొదటి రూపాయికే కావాల్సి వచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలోనే అమ్ముకునేవాళ్లకి సడలించారు. అంటే గుంటూరులో పచ్చళ్లు పెట్టే ఆవిడ రిజిస్ట్రేషన్ లేకుండా విజయవాడకి పంపొచ్చు. ఆ పచ్చడి కోసం మొహం వాచి ఉన్న హైదరాబాద్‌కి పంపలేదు.

ఈలోగా ఆట స్థలమే మారిపోయింది. కోవిడ్ రోజుల్లో ఉప్పూపప్పూ కూడా ఫోన్లో తెప్పించుకోవడం అలవాటైంది. 2021లో జెప్టో వచ్చింది, గ్రోఫర్స్ పేరు మార్చుకుని బ్లింకిట్ అయింది, మరుసటి ఏడాది జొమాటో దాన్ని కొంది. పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట. ఇది సాధ్యమైంది డార్క్ స్టోర్ల వల్ల. వీధి చివర షట్టర్ సగం దించిన చిన్న గోడౌన్లు, లోపలికి మనల్ని రానివ్వరు, బయట బైకుల వరస. వాటి మధ్య నలిగేది బండి మీద కుర్రాడు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం గిగ్ కార్మికులకి, అంటే ఇలా యాప్‌ల కోసం పనిచేసేవాళ్లకి, ఐదు లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. గిగ్ కార్మికుల్ని చట్టంలో చేర్చిన కేంద్ర సామాజిక భద్రత కోడ్ 2020లో ఆమోదం పొందినా, అమల్లోకి వచ్చింది 2025 నవంబరులో.

పది నిమిషాల వ్యాపారంలో సరుకు ఎవరిదన్నది కాగితం మీద ప్రశ్న కాదు, పొద్దున్నే తెగే లెక్క. ఏ డార్క్ స్టోర్‌లో ఎన్ని పాల ప్యాకెట్లు ఉండాలో మూడో మనిషి చేత నిర్ణయింపజేస్తే పాలు విరుగుతాయి. లాభం కమీషన్‌లో కంటే సరుకు మీద ఎక్కువ. అందుకే జొమాటో, బ్లింకిట్‌ల మాతృసంస్థ ఎటర్నల్ 2025లో ఇన్నేళ్ల లెక్కని తలకిందులు చేసింది. తన వాటాల్లో విదేశీయుల భాగం 49.5 శాతం దాటకూడదని వాటాదారుల చేత తీర్మానం చేయించుకుంది. ఆ గీత కింద ఉంటే భారతీయ కంపెనీ కింద లెక్క. భారతీయ కంపెనీ సరుకు కొనొచ్చు, నిల్వ పెట్టొచ్చు, నేరుగా మనకే అమ్మొచ్చు. తర్వాతి నెలల్లో బ్లింకిట్ సొంత సరుకు వైపు జరగడం మొదలుపెట్టింది.

2012లో కొట్టువాళ్లు బంద్ చేసి వద్దన్నది విదేశీ డబ్బుని. ఇప్పుడు వీధి చివర షట్టర్ సగం దించి కూర్చున్నది స్వదేశీ కంపెనీ, సొంత సరుకుతో. దాని మీద ఆ ప్రెస్ నోట్లు ఏవీ పనిచేయవు.